ఫోటోకి చోటు ముఖ్యమా? చెన్నై తెలుగువాళ్లు చెప్పండి

పాత రీలు:
మా తమ్ముడు లడాఖ్ వెళ్లొచ్చి ఇంటి గ్రూపులో నాలుగొందల ఫోటోలు పెట్టాడు. నీలం నీళ్లు, బోడి కొండలు. పది చూసేసరికి నాకు ఆవలింతలు వచ్చాయి. వాడేమో "చెన్నైలో తీయడానికి ఏముంది, ఆటోలూ చెమటా తప్ప" అంటాడు. మంచి ఫోటోకి చోటుతో పనిలేదని నా వాదన. కెమెరాతో తీసి ఇప్పటికీ మిగిలిన ఫోటోల్లో అన్నిటికన్నా పాతది 1826-27 ప్రాంతంలో ఫ్రాన్స్‌లో నియెప్స్ అనే ఆయన తీసింది. అందులో ఉన్నవి ఆయన ఇంటి కిటికీలోంచి కనిపించే కప్పులూ గోడలే.

కాశిమేడు కెమెరా:
తొండి చేయకండి సార్. ఆ ఫోటోని చూసేది కప్పుల కోసమా? పాతది కాబట్టి చూస్తాం. 1968లో అపోలో 8 వ్యోమగాములు చంద్రుడి చుట్టూ తిరుగుతూ తీసిన భూమి ఫోటో మీ టి.నగర్ మేడ మీంచి వస్తుందా? నేను ఆదివారాలు తెల్లారకముందే కాశిమేడు హార్బర్‌కి వెళ్తాను. పడవల్లోంచి దిగే చేపల బుట్టలు, వేలంపాట అరుపులు, ఆ వెలుతురు వెళ్లినవాడికే దొరుకుతాయి. చోటు ముఖ్యం కాదనడం బద్ధకానికి సాకు.

అడయార్ గట్టు:
2015 డిసెంబర్‌లో అడయార్ నది పొంగినప్పుడు మేం సైదాపేటలో గ్రౌండ్ ఫ్లోర్‌లో ఉన్నాం. నడుం లోతు నీళ్లు. నీళ్లు తీశాక ఆల్బమ్‌లు తెరిస్తే ఫోటోలు ఒకదానికొకటి అంటుకుపోయి ఉన్నాయి. అలాగే ఎండితే ఇక ఊడిరావని ఎవరో చెప్పారు. బకెట్లో మంచినీళ్లు పోసి (ఆ రోజుల్లో మంచినీళ్లు బకెట్ అంటే మాటలా!) ఒక్కొక్కటే విడదీసి బట్టల తీగకి క్లిప్పులు పెట్టాం. అమ్మ ముందుగా వెతికింది తాజ్‌మహల్ ముందు దిగినదాన్ని కాదు. నెల్లూరులో పాత ఇంటి అరుగు పక్కన నాన్న లూనా తుడుస్తున్న ఫోటోని. తీసింది మా అత్త. ఫోకస్ లేదు, నాన్న తల సగం తెగిపోయింది. తాజ్‌మహల్ ఫోటో మా పక్కింటి వాళ్ల దగ్గరా ఉంది, తలకాయలే తేడా.

కానీ ఆ లూనా ఫోటో మీకు చూపిస్తే మీకేమీ అనిపించదు. అది మా ఇంట్లో నలుగురిది. ముక్కూమొహం తెలియని వాళ్లని కూడా ఆపగలిగే ఫోటో వేరే. అంతవరకు కాశిమేడు గారితో ఒప్పుకుంటాను.

చివరి బెంచీ:
అలాంటి ఫోటో ఒకటి చెప్తాను. సునామీ వచ్చిన రెండు రోజులకి, 2004 డిసెంబర్ 28న, కడలూరులో ఆర్కో దత్తా అనే పత్రికా ఫోటోగ్రాఫర్ తీసింది. పత్రికా ఫోటోలకిచ్చే వరల్డ్ ప్రెస్ ఫోటో బహుమతి 2004 సంవత్సరానికి దానికే వచ్చింది. అందులో సముద్రం లేదు. ఇసుక, నేలకి అతుక్కుపోయి ఏడుస్తున్న ఒకామె, పైకి తెరుచుకున్న అరచేతులు, ఓ మూల చనిపోయిన మనిషి చెయ్యి. ఏ ఊరో తెలియకపోయినా ఏడుపు తెలుస్తుంది. సునామీ అన్న సంగతి మాత్రం కింద రాసిన రెండు ముక్కలు చదివితేనే తెలుస్తుంది. ఆ లెక్కన అడయార్ గారు రాసింది చదివాక నాకూ ఆ లూనా చూడాలనిపిస్తోంది.

కాశిమేడు కెమెరా:
దత్తా కూడా కడలూరు వెళ్లాడు కదండీ. ఇంట్లో కూర్చుని తీయలేదు.

పాత రీలు:
వెళ్లాడు, సరే. వెళ్లి సముద్రం వైపు తిప్పలేదుగా కెమెరాని! మా తమ్ముడైతే అదే చేసేవాడు. అడయార్ గారూ, ఆ ఫోటో స్కాన్ చేసి పెడతారా?

అడయార్ గట్టు:
అమ్మని అడగాలి. "తల లేని ఫోటో ఊరందరికీ చూపిస్తావా" అంటుందేమో.