జర్మనీలో ఉద్యోగం పోయేలా ఉంది, నిరుద్యోగ భృతికి ఎలా దరఖాస్తు చేయాలి?

పెద్దలందరికీ నమస్కారం. మాది కర్నూలు. మ్యూనిక్‌లో ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో 20 నెలలుగా పనిచేస్తున్నాను, బ్లూ కార్డ్ (ఉన్నత చదువున్న విదేశీ ఉద్యోగులకు ఇచ్చే నివాస అనుమతి) మీద ఉన్నాను. నిన్న హెచ్‌ఆర్ వాళ్లు పిలిచి, ఇరుపక్షాల అంగీకారంతో విడిపోతున్నట్టు రాసిన కాగితం చేతికిచ్చి, సోమవారంలోగా సంతకం చేస్తే రెండు నెలల జీతం అదనంగా ఇస్తామన్నారు. మనలాంటి విదేశీయులు ఇక్కడ నిరుద్యోగ భృతి అడగవచ్చా? ఏయే కాగితాలు కావాలి? ఇంట్లో అమ్మానాన్నలకు ఇంకా చెప్పలేదు.

ప్రొద్దుటూరు నుంచి, ప్రస్తుతం బెర్లిన్:

తమ్ముడూ, కాగితాల సంగతి తర్వాత చూద్దాం, ముందు ఆ కాగితం మీద సంతకం పెట్టవద్దు. జర్మన్‌లో దాన్ని ఆఫ్‌హేబుంగ్స్‌ఫెర్త్రాగ్ అంటారు. బలమైన కారణం లేకుండా దాని మీద సంతకం చేస్తే, ఉద్యోగాన్ని నువ్వే వదులుకున్నట్టు లెక్కగట్టి 12 వారాల పాటు భృతి ఆపుతారు. ఆ డబ్బు తర్వాత వస్తుందని అనుకోవద్దు, అన్ని రోజులూ నీకు రావలసిన మొత్తం గడువులోంచి కోతపడతాయి. రెండు నెలల జీతం చూపించి మూడు నెలల భృతి పోగొట్టే బేరం అది. మనవాళ్లం ఎదుటివాడు మర్యాదగా అడిగితే మొహమాటానికి తల ఊపేస్తాం, ఇక్కడ ఆ మొహమాటం పనికిరాదు.

నా అనుభవం చెబుతాను. ఉద్యోగంలో చేరి 14 నెలలైనప్పుడు, చెల్లెలి పెళ్లికని నాలుగు వారాలు సెలవు పెట్టి ప్రొద్దుటూరు వెళ్లాను. నేను విమానం ఎక్కిన మర్నాడే కంపెనీ మనిషి తొలగింపు ఉత్తరం తెచ్చి మా పోస్టు డబ్బాలో వేసి, వేసిన తేదీ, సమయం రాసుకుని వెళ్లాడట. తిరిగొచ్చి డబ్బా తెరిస్తే, సూపర్‌మార్కెట్ కరపత్రాల అడుగున తడిసి అంచులు వంకరపోయిన తెల్ల కవరు కనిపించింది. మనం ఊళ్లో లేకపోయినా ఉత్తరం డబ్బాలో పడితే అందినట్టే. తొలగింపు మీద కోర్టుకు వెళ్లడానికి ఇచ్చే 3 వారాలు అప్పటికే దాటిపోయాయి, ఉద్యోగానికి మిగిలింది రెండు రోజులు. మేనేజరుతో మాట్లాడితే మనసు మార్చుకుంటాడేమోనని ఇంకో పది రోజులు తిరిగి, ఆ తర్వాతే భృతి ఇచ్చే ప్రభుత్వ ఉపాధి కార్యాలయమైన ఆర్బైట్స్‌అగెంటూర్‌కు వెళ్లాను. అక్కడి అధికారిణి బల్ల మీది క్యాలెండరును నా వైపు తిప్పి, ఆ రోజు తేదీ మీద వేలుపెట్టి, ఇక్కడి నుంచే మీ లెక్క మొదలవుతుందని చెప్పింది. ముందు రోజులకు పైసా రాలేదు, ఆలస్యంగా తెలియజేసినందుకు ఇంకో వారం కోత కూడా పడింది.

అందుకే రెండు నమోదులనూ గుర్తుపెట్టుకో. ఉద్యోగం ముగియడానికి 3 నెలల ముందే పని వెతుక్కుంటున్నానని ఆ కార్యాలయానికి తెలియజేయాలి. అంత వ్యవధి లేకపోతే ముగింపు సంగతి తెలిసిన 3 రోజుల్లోగా చెప్పాలి. నిరుద్యోగిగా నమోదు అనేది వేరు, అది ఎంత ఆలస్యమైనా పని లేని మొదటి రోజు కల్లా జరిగి తీరాలి. మొదటిది చేశాం కదా అని రెండోది మరిచిపోయినవాళ్లను చూశాను.

తాడిపత్రి నుంచి, 11 ఏళ్లుగా ఫ్రాంక్‌ఫర్ట్:

ప్రొద్దుటూరు అన్న చెప్పిన దాంట్లో ఒక సవరణ ఉంది. సెలవులో ఊరెళ్లినందువల్ల గడువు దాటిపోతే, తిరిగొచ్చిన 2 వారాల్లోగా ఆలస్యాన్ని మన్నించమని కోర్టును కోరవచ్చు. ఆయన ఆ పది రోజులు మేనేజరు చుట్టూ తిరిగే బదులు వకీలు దగ్గరికి వెళ్లి ఉండాల్సింది. ఇక భృతి విషయంలో నా సలహా వేరు. మన కాళ్ల మీద మనం నిలబడటానికి వచ్చాం, రేపు స్థిరనివాసం అడిగేటప్పుడు సర్కారు సొమ్ము తిన్నారన్న మాట ఫైల్లో ఉండకూడదు.

కళ్యాణదుర్గం నుంచి, ప్రస్తుతం స్టుట్‌గార్ట్:

తాడిపత్రి అన్నా, కోర్టు మాట సరైనదే, భృతి మాట మాత్రం సరికాదు. చాలా ఇళ్లలో ఈ భయం వల్లే హక్కుగా వచ్చే డబ్బు వదులుకుంటున్నారు. ఇది సర్కారు దానం కాదు, బీమా. జీతంలో 2.6 శాతం ఈ బీమాకు పోతుంది, అందులో సగం మన వాటా, సగం యజమాని వాటా. మా నాన్న వేరుశనగ వేసి, బీమా కట్టి, వాన మొహం చాటేసిన ఏడాది పరిహారం అడగడానికి ఎప్పుడూ సిగ్గుపడలేదు. ఇదీ అంతే. పన్నుల సొమ్ముతో ఇచ్చే కనీస జీవన సాయం వేరు, వీసా విషయంలో జాగ్రత్తపడవలసింది దానితోనే.

కర్నూలు తమ్ముడికి అసలు జవాబు ఇది. గత 30 నెలల్లో 12 నెలలు బీమా కట్టి ఉంటే ఏ దేశస్థుడైనా అడగవచ్చు. నీకు 20 నెలలు ఉన్నాయి కనుక 10 నెలల వరకు వస్తుంది. చేతికొచ్చే జీతంలో సుమారు 60 శాతం, పిల్లలుంటే 67 శాతం. ఆ కాలంలో ఆరోగ్య బీమా చందా కూడా ఆర్బైట్స్‌అగెంటూర్ వాళ్లే కడతారు. పాస్‌పోర్టు, నివాస కార్డు, తొలగింపు ఉత్తరం, బ్యాంకు ఖాతా వివరాలు దగ్గర ఉంచుకో. తొలగింపు చేతి సంతకంతో కాగితం మీదే రావాలి, ఈమెయిల్ చెల్లదు. బ్లూ కార్డ్ ఉన్నందున, ఉద్యోగం ముందుగా ముగుస్తోందని తెలిసిన 2 వారాల్లోగా విదేశీయుల కార్యాలయానికి కూడా రాయాలి, వాళ్లు కార్డు గడువు తగ్గించే వీలుంది. కనుక భృతి ఉంది కదా అని ఉద్యోగ వేట వాయిదా వేయకు.

ప్రొద్దుటూరు, బెర్లిన్:

తాడిపత్రి అన్న చెప్పిన 2 వారాల సంగతి ఆనాడు నాకు చెప్పినవారే లేరు, అందుకే ఇంత పొడుగున రాస్తున్నాను. తమ్ముడూ, మనసు బాగోలేక కర్నూలు వెళ్లి అమ్మానాన్నలను చూడాలనిపిస్తుంది. భృతి తీసుకుంటూ ఉంటే ముందుగా అనుమతి అడిగి వెళ్లు, ఏడాదికి 3 వారాల వరకు ఇస్తారు. వెళ్లేటప్పుడు పోస్టు డబ్బా తాళంచెవి పక్కింటివాళ్ల చేతికిచ్చి, కవరు ఏదొచ్చినా అదే రోజు ఫొటో తీసి పంపమని చెప్పు.