రూఫ్ పాతదని ఇంటి ఇన్సూరెన్స్ రిన్యూవల్‌లో ఏసీవీ పెట్టారు, ఏం చేయాలి? (డాలస్ ఏరియా)

ప్లేనో_బావ:
మా రూఫ్‌కి 16 ఏళ్లు నిండాయి, మామూలు ఆస్ఫాల్ట్ షింగిల్స్. ఇంతవరకు ఒక్క క్లెయిమూ పెట్టలేదు. ఈసారి రిన్యూవల్‌లో ప్రీమియం పెద్దగా పెరగలేదని సంబరపడేలోపే లోపల ఇంకో కాగితం కనపడింది, గాలికి గానీ వడగళ్లకు గానీ రూఫ్ పోతే ఇకమీదట ఏసీవీ (యాక్చువల్ క్యాష్ వాల్యూ, అంటే పాతబడినందుకు తరుగుదల తీసేసిన విలువ) లెక్కనే ఇస్తారట. డిడక్టబుల్ (క్లెయిమ్‌లో ముందు మన జేబులోంచి పెట్టుకోవాల్సింది) 1 శాతం ఉండేది, 2 చేశారు. ఏజెంట్‌ని అడిగితే "ఇప్పుడు అందరికీ ఇంతేనండీ" అంటున్నాడు. కంపెనీ మారాలా, సొంత డబ్బుతో రూఫ్ వేయించుకోవాలా?

వడగళ్ల_వాన:
బావగారూ, ముందు ఒక లెక్క చూడండి. కొత్త రూఫ్‌కి 20,000 డాలర్లు అనుకుందాం. షింగిల్స్ ఆయుష్షు 20 ఏళ్లని వాళ్లు పట్టుకుంటే 16 ఏళ్లకు తరుగుదల 80 శాతం, అంటే మీ రూఫ్ విలువ 4,000. ఇక డిడక్టబుల్ 2 శాతం అన్నది నష్టం మీద కాదు, ఇల్లు ఎంతకి ఇన్సూర్ చేశారో దాని మీద. నాలుగున్నర లక్షలకి ఉంటే 9,000. నాలుగు వేలలో తొమ్మిది వేలు తీసేయండి, ఏమన్నా మిగిలిందా? ప్రీమియం మాత్రం ఠంచనుగా కట్టాలి. రీప్లేస్‌మెంట్ కాస్ట్ (తరుగుదల తీయకుండా కొత్తదానికయ్యే ఖర్చు) ఇచ్చే కంపెనీ దొరుకుతుందేమో ఒకే కంపెనీకి కట్టుబడని ఇండిపెండెంట్ ఏజెంట్‌తో వెతికించండి, కానీ ఈ వయసు రూఫ్‌కి కష్టమే.

టాంపా_తాతయ్య:
మా ఫ్లోరిడాలో 2022లో చట్టం తెచ్చారు. రూఫ్‌కి 15 ఏళ్లు నిండకపోతే వయసు ఒక్కటే సాకుగా చూపి పాలసీ ఆపకూడదు. దాటినా, ఇంకో 5 ఏళ్లు పనికొస్తుందని ఇన్‌స్పెక్షన్ రిపోర్టు ఉంటే వయసు పేరుతో కాదనలేరు.

వడగళ్ల_వాన:
తాతగారూ, అది మీ రాష్ట్రం వరకే, టెక్సస్‌లో చెల్లదు. పైగా వీళ్లు పాలసీ ఆపలేదు కదా, రూఫ్‌కిచ్చే డబ్బు కోసేశారంతే.

ఫ్రిస్కో_పిన్ని:
వాన వెలిసిందో లేదో తలుపు కొట్టే రూఫర్లతో జాగ్రత్త బాబూ. "డిడక్టబుల్ మేం చూసుకుంటాం" అంటే పంపించెయ్. 2019 సెప్టెంబర్ నుంచి ఇక్కడ అది నేరం, డిడక్టబుల్ కట్టిన రుజువు చూపించమని కంపెనీ అడగొచ్చు కూడా. నీ తరఫున కంపెనీతో క్లెయిమ్ బేరాలాడే హక్కు కూడా రూఫర్‌కి లేదు. ఇంకోటి, ఈ రాష్ట్రంలో రూఫర్లకి లైసెన్సే అక్కర్లేదు, అందుకని తెలిసినవాళ్లు చెప్పిన మనిషినే పిలువు. రూఫ్ ఇప్పుడు బాగున్నప్పుడే తేదీతో ఫోటోలు తీయించి పెట్టుకో, రేపు క్లెయిమ్ పెడితే "ఇది పాత దెబ్బ" అనకుండా.

ప్లేనో_బావ:
థాంక్స్ పిన్నిగారూ. ఆ సున్నా లెక్క చూశాక నిద్ర పట్టేలా లేదు. సొంతంగా వేయిస్తే క్లాస్ 4 షింగిల్స్ (దెబ్బలకు తట్టుకోవడంలో పై రేటింగ్ ఉన్నవి) వేయమంటున్నారు, అంత తేడా ఉంటుందా?

వడగళ్ల_వాన:
ఖర్చు ఎక్కువే కానీ వడగళ్లకి బాగా ఆగుతాయి, చాలా కంపెనీలు డిస్కౌంట్ ఇస్తాయి, సర్టిఫికెట్ ఫారం రూఫర్ చేత సంతకం పెట్టించి పంపాలి. అయితే డిస్కౌంట్ ఇస్తూనే కొందరు కాస్మెటిక్ ఎక్స్‌క్లూజన్ తగిలిస్తారు, అంటే సొట్టలు పడినా నీళ్లు కారకపోతే పైసా ఇవ్వరు. అది ఉందో లేదో, రూఫ్‌కి ఏసీవీనా కాదా, రెండూ ఏజెంట్‌ని ఈమెయిల్‌లోనే అడగండి, ఫోన్‌లో వద్దు.