ఎయిర్ రైఫిల్ స్టాక్‌కి బెడ్డింగ్: మామూలు అరాల్డైట్ చాలదా, ఉక్కు పుట్టీనే కావాలా?

కొర్లగుంట కుర్రోడు:
అన్నలకు నమస్తే. నాది 4.5 మి.మీ. స్ప్రింగు ఎయిర్ రైఫిల్, బ్యారెల్ మడిచి పెల్లెట్ పెట్టే రకం, స్టాక్ (తుపాకి కూర్చునే ఒడి) చెక్కది. మిద్దె మీద ఇసుక బస్తాలు పేర్చుకుని 10 మీటర్ల నుంచి కొడతా. ఎండాకాలమంతా ఐదు పెల్లెట్లూ రూపాయి బిళ్ల కింద దాగేవి. కార్తీకమాసం వానలు పట్టుకున్నాక గ్రూపు, అంటే పెల్లెట్లు పడే గుంపు, ఎడమకి జరిగింది, వెడల్పు కూడా అయింది. స్టాక్ విప్పి చూస్తే లోపల రెండు చోట్ల మాత్రమే చెక్క నున్నగా అరిగి మెరుస్తా ఉంది. అంటే రైఫిల్ ట్యూబు (స్ప్రింగు, పిస్టన్ ఉండే ఇనుప గొట్టం) అక్కడే ఆనుతోంది, మిగతాదంతా గాలిలోనే. ఆ సందులో ఎపాక్సీ (రెండు మందులు కలిపితే గట్టిపడే జిగురు) పోసి బెడ్డింగ్ చేద్దామనుకుంటా ఉండా. అరాల్డైట్ మా వీధి హార్డ్‌వేర్ షాపులోనే దొరుకుతుంది. ఉక్కు పొడి కలిసిన జేబీ వెల్డ్, డెవ్‌కాన్ ప్లాస్టిక్ స్టీల్ పుట్టీ ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాల, ధర ఎక్కువ. ఏది తీసుకునేది?

చిత్తూరు మామిడితోట:
అరాల్డైట్ చాలు తమ్ముడూ. నిదానంగా గట్టిపడే స్టాండర్డ్ రకం తీసుకో, ఐదు నిమిషాల దాని జోలికి పోవద్దు. నువ్వు రైఫిల్‌ను సర్దేలోపే అది పట్టేస్తుంది. బెడ్డింగ్ అంటే అతికించడం కాదు, ట్యూబుకి సరిగ్గా సరిపోయే పరుపు వేయడం. లాగే బలం దాని మీద పడదు, నొక్కే బలమే పడుతుంది. అరాల్డైట్‌లో రెండు ట్యూబులొస్తాయి, ఒకటి రెసిన్, ఇంకోటి దాన్ని గట్టిపరిచే హార్డెనర్. కొలత అయితే రెండూ సమానం, తూకమైతే రెసిన్ 100కి హార్డెనర్ 80. కారిపోకుండా సన్నటి రంపపు పొట్టు కలుపు. నేను రెండు రైఫిళ్లకు ఇట్లనే చేసినా, మూడేండ్లయింది, రెండూ కదల్లేదు.

రేణిగుంట ఫిట్టర్:
అన్నా, ఈ మాట మాత్రం ఒప్పుకోను. గది వేడిలో గట్టిపడిన మామూలు ఎపాక్సీ 50, 60 డిగ్రీల దగ్గర మెత్తబడడం మొదలుపెడుతుంది. రోహిణి కార్తెలో కారు డిక్కీలో రైఫిల్ పెట్టి రెండు గంటలు ఎండలో వదిలితే ఆ వేడి వచ్చేస్తుంది. పైన స్క్రూ బిగింపు ఎప్పుడూ నొక్కుతానే ఉంటుంది కాబట్టి పరుపు కొద్దికొద్దిగా కుంగుతుంది. ఉక్కు పొడి కలిసిన పుట్టీ కుంగడమూ తక్కువే, గట్టిపడేటప్పుడు ముడుచుకోవడమూ తక్కువే. రంపపు పొట్టు అసలు వద్దు. తేమతో వచ్చిన జబ్బుకి తేమ తాగే మందా?

చిత్తూరు మామిడితోట:
పొట్టు సంగతి నిజమే, అల్యూమినియం పొడి మేలు. కానీ ఉక్కు పుట్టీలో ఉండేది కూడా ఎపాక్సీనే కదా! పొడి దానికి బరువిస్తుంది, జాతి మార్చదు. నా అనుభవం ఒకటి చెప్తా. మొదటి రైఫిల్‌కి వెనక స్క్రూకి ఎపాక్సీ అతుక్కోకుండా మైనం పూయడం మరిచిపోయినా. తెల్లారి చూస్తే స్క్రూ రాయిలాగా పట్టేసింది. భయపడిపోయినా, చెప్పొద్దూ. సోల్డరింగ్ ఐరన్ మొన స్క్రూ తల మీద నాలుగు నిమిషాలు పెట్టి, వేడిగా ఉన్నప్పుడే మెల్లగా తిప్పితే కిర్రుమని కదిలింది.

రేణిగుంట ఫిట్టర్:
అన్నా, నువ్వు చెప్పిందే నా వాదన. వేడికి వదిలింది! జేబీ వెల్డ్ డబ్బా మీద 550 ఫారెన్‌హీట్ దాకా తట్టుకుంటుందని రాసుంటుంది. అంత వేడి మనకెందుకు అంటావా, ఆ తేడాలోనే కదా మన ఎండకాలం దాటేది.

మాధవమాల చెక్కపని:
నాకు తుపాకులు తెలియవు, చెక్క తెలుసు. ఏ మందు పూసినా అది పట్టుకునేది చెక్కనే కదా. లోపలున్న పాలిష్, గన్ ఆయిల్ మరక పూర్తిగా గీకేయాల. నూనె తాగిన చెక్క మీద ఏ ఎపాక్సీ నిలవదు, పొర మాదిరి లేచొస్తుంది. ఉలితో ఒకటి రెండు మి.మీ. లోతు తీసి, నున్నగా చేయకుండా గరుకుగానే వదిలేయండి. వాన తేమ ఉన్నప్పుడు పని పెట్టుకోవద్దు, స్టాక్‌ను వారం పది రోజులు నీడలో ఆరనీయండి. ఉబ్బిన చెక్కలో పరుపు వేస్తే, చెక్క ఆరినాక పరుపు అట్లనే ఉండి సందు మిగులుతుంది. పని అయినాక, లోపల బయటపడ్డ చెక్కకంతా రెండు చేతులు వార్నిష్ కొట్టండి. ఆ తమ్ముడికి కార్తీకంలో వచ్చిన కష్టానికి అసలు మందు ఇదే అని నా నమ్మకం.

పలమనేరు మాష్టారు:
చర్చ అంతా మందు మీదికే పోయింది నాయనా. స్ప్రింగు రైఫిల్‌లో పిస్టన్ ముందుకు దూకేటప్పుడు తుపాకి వెనక్కి తంతుంది, పిస్టన్ చివర ఆగినప్పుడు ముందుకు తంతుంది. ఈ రెండు తన్నులకీ స్క్రూలు వదులవుతాయి. మొదట మూడు స్క్రూలూ బిగించి, 50 పెల్లెట్లు కొట్టి, మళ్లీ చూడు. అప్పటికీ గ్రూపు తిరుగుతుంటే బెడ్డింగ్ చేసుకో. అప్పుడు కూడా ట్రిగ్గర్ గార్డు స్క్రూ దారిలో అల్యూమినియం గొట్టం ముక్క దించు. ముందు వైపు పక్క స్క్రూల కింద గిన్నె వాషర్లు వేయి. బిగింపంతా లోహం మీద పడితే ఎపాక్సీకి మోయాల్సింది తక్కువ. అప్పుడు మీ ఇద్దరి కొట్లాట సగం తీరిపోతుంది. ఇంకో మాట, ఇది ఎయిర్ రైఫిల్ కాబట్టి చెప్తున్నా. మందుగుండు రైఫిల్ అయితే 1959 ఆయుధాల చట్టం 5వ సెక్షన్ కింద రిపేరు చేసేవాళ్లకి లైసెన్సు ఉండాలి. ఇంట్లో చేయి పెట్టొద్దు.

చిత్తూరు మామిడితోట:
గొట్టం దించితే అరాల్డైట్ అయినా సరిపోతుందని మాష్టారు చెప్పినట్టే కదా!

రేణిగుంట ఫిట్టర్:
గొట్టం దించితే ఒప్పుకుంటా. అయినా నేనైతే పుట్టీనే వాడతా. తమ్ముడూ, డెవ్‌కాన్ తీసుకుంటే కంటితో కొలవొద్దు. తూకంలో 9కి 1. చిన్న నగల తూకం ఒకటి ఉంచుకో. 45 గ్రాములకి 5 గ్రాములు. 24 డిగ్రీల్లో 45 నిమిషాల టైమిస్తుంది. మన మధ్యాహ్నం 38లో అందులో సగం కూడా ఉండదు, గిన్నెలో ముద్దగా వదిలితే తనంతట తానే వేడెక్కి ఇంకా తొందరగా బిగుస్తుంది. తెల్లారుజామున మొదలుపెట్టు. ట్యూబుకి, స్క్రూలకి, ట్రిగ్గర్ పెట్టెకి కారు మైనం మూడు పూతలు పూయి, ఒక్కో పూత ఆరినాక తుడిచి మళ్లీ. ప్రతి రంధ్రం, సందు పిల్లలాడుకునే క్లేతో నింపు. పుట్టీ రంధ్రంలోకి దిగి గడియ పడితే స్టాక్ పగలగొట్టాల్సిందే. చేతులకి గ్లౌజులు తప్పనిసరి, హార్డెనర్ తగిలి తగిలి ఒళ్లు దద్దుర్లు రావడం నేను చూసినా.

కొర్లగుంట కుర్రోడు:
అన్నలూ, మాష్టారూ, పని అయింది. స్క్రూలు బిగించి 50 పెల్లెట్లు కొట్టినా. గ్రూపు కొంచెం తగ్గింది కానీ ఎడమకి జరగడం పోలేదు. స్టాక్‌ను పది రోజులు ఆరబెట్టినా. వాషర్లు వేసినా. గొట్టం ముక్కను అరాల్డైట్‌తో దించినా. పరుపు మాత్రం ఉక్కు పుట్టీతోనే, పొద్దున ఐదింటికి మొదలుపెట్టినా. ట్యూబును కూర్చోబెట్టగానే అంచుల వెంట బూడిదరంగు పుట్టీ తాడు మాదిరి పొంగింది, ఐస్‌క్రీమ్ పుల్లతో గీకేసినా. ఒక రోజు వదిలేసి స్క్రూలు విప్పి, బ్యారెల్ కింద అరచేత్తో తడితే టప్‌మని ఊడొచ్చింది. ట్యూబు మీదున్న చిన్న గీత కూడా పరుపులో అచ్చు పడింది. ట్రిగ్గర్ సందు పక్కన మాత్రం శనగ గింజంత గుంట, గాలి బుడగ. దాన్ని నింపాలా?

రేణిగుంట ఫిట్టర్:
బరువు ఆనే చోటు కాదు, వదిలేయి. వార్నిష్ మాత్రం మరవొద్దు.

కొర్లగుంట కుర్రోడు:
రెండు చేతులు కొట్టినా అన్నా. వార్నిష్ ఆరినాక 40 పెల్లెట్లు కొట్టినా, మళ్లీ రూపాయి బిళ్ల కిందికే వచ్చినాయి. స్టాక్ వాన చూడలేదింకా.