ట్యూనా కోసం ఎర ముక్కలు చల్లడం అవసరమా? జిగ్‌లు (చేపలా మెరిసే లోహపు ఎరలు) చాలవా? (న్యూజెర్సీ, హడ్సన్ కాన్యన్)

ఎడిసన్_గాలం:
వచ్చే నెల ఆరుగురం కలిసి చార్టర్ బోటు మాట్లాడుకున్నాం. హడ్సన్ కాన్యన్ అంటే సముద్రం అడుగున ఉన్న పెద్ద లోయ, ఒడ్డు నుంచి 80 మైళ్ల పైమాటే, రాత్రంతా అక్కడే. ముక్కలు కోసి చల్లడానికి 4 పెట్టెల బటర్‌ఫిష్ కావాలంటున్నాడు కెప్టెన్, డబ్బు మాదే. చేప కొని నీళ్లలో పొయ్యడం అవసరమా?

కాన్యన్_శీను:
అవసరమే తమ్ముడూ. జిగ్ వేస్తే చేప ఉన్నచోటికి నువ్వు వెళ్లాలి. ముక్కలు చల్లితే చేపే నీ బోటు దగ్గరికి వస్తుంది. బొటనవేలంత ముక్కలు కోసి నాలుగైదు వెయ్యాలి. అవి కిందికి దిగి కనపడకుండా పోగానే ఇంకో నాలుగు. ఈ వరస తెగకూడదు. తెగిందా, కిందున్న మంద ఇంకో బోటు వెనకాల పోతుంది. హుక్ ముక్కలో పూర్తిగా దాచెయ్యాలి, సీసం కట్టకూడదు, లైన్ చేత్తో లాగి వదులుతూ ఉండాలి. చల్లిన ముక్కలు ఎంత నిదానంగా దిగుతున్నాయో మన ఎర కూడా అంతే నిదానంగా దిగాలి. ట్యూనా చూపు చాలా చురుకు.

పూడిమడక_కుర్రాడు:
శీనన్న చెప్పినంత తేలిక కాదు. ఎక్కువ చల్లితే చేప కడుపు నింపుకొని మన ఎర ముట్టదు. పైగా వాసనకి ముందొచ్చేవి నీలి షార్క్‌లు. ఒక్కొక్కటీ లీడర్ (హుక్ కట్టిన చివరి దారం) కొరికేసి పోతుంది. రాత్రి బోటు లైట్లకి స్క్విడ్ పైకొచ్చిందంటే ట్యూనా దాని వెంటే పడుతుంది, ముక్కల వంక చూడదు. అప్పుడు జిగ్గే పనిచేస్తుంది. మా పూడిమడకలో చిన్న ఫైబర్ పడవల మీద పోయి గాలాలతోనే సూరలు (ట్యూనాలు), కొమ్ముకోనాలు లాక్కొస్తారు.

ప్లెయిన్స్‌బరో_మూర్తి:
ముందు బోటుకి హెచ్‌ఎంఎస్ పర్మిట్ (ట్యూనా లాంటి దూరం వలసపోయే చేపలు పట్టడానికి అనుమతి) ఉందా అడగండి. ఎల్లోఫిన్ ట్యూనా 27 అంగుళాలకి తక్కువైతే వదిలెయ్యాలి. మనిషికి రోజుకి 3. బ్లూఫిన్ ట్యూనా లెక్క సీజన్ మధ్యలో కూడా మారుతుంది, బయల్దేరే ముందు చూసుకోండి.

కాన్యన్_శీను:
స్క్విడ్ వచ్చినప్పుడు స్క్విడ్డే గుచ్చాలి, అందులో గొడవేముంది? సీసం సంగతి చెప్పు ముందు. కిందటేడు నువ్వు సీసం కట్టావు, అందుకే నీ లైన్‌కి తగల్లేదు.

పూడిమడక_కుర్రాడు:
ప్రవాహం జోరుగా ఉంటే ముక్క పైనే కొట్టుకుపోతుంది. అర ఔన్సు కట్టకపోతే చేప ఉన్న లోతుకి దిగేదెలా?

కాన్యన్_శీను:
లైన్ వదిలితే దిగుతుంది. నువ్వు వదలవు, బిగించి పట్టుకుంటావు. 30 పౌండ్ల ఫ్లోరోకార్బన్ (నీళ్లలో సరిగా కనపడని దారం) వేసి, చిన్న సర్కిల్ హుక్ (గుండ్రంగా వంగిన గాలం) పెట్టి వదిలితే దిగకుండా ఎక్కడికి పోతుంది?

జెర్సీ_లక్ష్మి:
సీసం గురించి ఎంతసేపు? పట్టగానే రక్తం తీసి ఐస్‌లో ముంచకపోతే మాంసం ఉడికినట్టు అవుతుంది. ఐస్ ఎంత తీసుకెళ్లాలో చెప్పండి ఎవరైనా.

పూడిమడక_కుర్రాడు:
శీనన్నా, నా లైన్‌కి తగల్లేదు అన్నారు కాబట్టి చెబుతున్నా. అసలు నా లైన్ నీళ్లలో ఎంతసేపుంది? "చిన్నోడివి, నువ్వు కొయ్యరా" అని ఎక్కగానే కత్తి నా చేతికిచ్చారు. సగం కరిగిన చేప కోస్తుంటే వేళ్లు మొద్దుబారి, ముల్లు గోరు కిందికి దిగినా తెలియలేదు. తెల్లవారుజామున నాలుగు రాడ్లు ఒక్కసారి వంగితే నేను కూడా రాడ్ అందుకోబోయాను. "చల్లడం ఆపకు" అని అరిచారు మీరే. డబ్బు మాత్రం అందరితో సమానంగా కట్టాను.

కాన్యన్_శీను:
మాంసం కూడా సమానంగానే పంచాం కదా? పొట్ట భాగం నీకే ఎక్కువిచ్చాను. నువ్వు ఆపి ఉంటే ఆ నాలుగూ వచ్చేవి కావు. చల్లేవాడు పట్టినట్టే లెక్క. అది అందరి చేప.

పూడిమడక_కుర్రాడు:
మాంసం కావాలంటే కొట్లో కొనుక్కుంటానన్నా. అంత దూరం వచ్చింది ఒక్క చేపనైనా నా చేత్తో లాగుదామని. ముక్కలు చల్లడం మీద నాకు కోపం లేదు. అది ఎప్పుడూ ఒక్కడి నెత్తిన పడుతుంది, అదీ వయసులో చిన్నవాడి నెత్తిన. జిగ్ అయితే ఎవడి రాడ్ వాడిది.

రారిటన్_బాబు:
మా బోటులోనూ ఇదే. మేట్ (కెప్టెన్ సహాయకుడు) ఉన్న చార్టర్ తీసుకోండి, కొయ్యడం చల్లడం అతనే చూసుకుంటాడు. వెళ్లేటప్పుడు మంచి టిప్ ఇవ్వండి.

కాన్యన్_శీను:
మేట్ అయినా నాలుగు చేపలు ఒక్కసారి తగిలితే గాఫ్ (చేపని బోటులోకి లాగే కొక్కెం కర్ర) పట్టుకోవాలి. అప్పుడు చల్లేదెవరు? నేను కూడా మొదట్లో పెద్దవాళ్లకి కోసిపెట్టినవాణ్నే, ఎవరినీ అడగలేదు.

పూడిమడక_కుర్రాడు:
మీరు అడగలేదని నేనూ అడగకూడదా? అరగంట చొప్పున వంతులు, బోటెక్కక ముందే కాగితం మీద రాసుకుందాం. అలాగైతే ఎన్ని పెట్టెలైనా కోస్తాను. లేకపోతే నన్ను లెక్కలోంచి తీసెయ్యండి.

కాన్యన్_శీను:
సరే రాద్దాం. నీ వంతు మొదలయ్యే టైముకి నా రాడ్‌కి చేప తగిలి ఉంటే, రాడ్ నీకివ్వాలా, చేప పైకొచ్చేదాకా నువ్వు ఆగుతావా? అది కూడా రాయి.

పూడిమడక_కుర్రాడు:
తగిలిన చేప తగిలినవాడిదే. దాన్ని పైకి లాగినవాడు వెంటనే కత్తి పట్టుకోవాలి. పెద్దా చిన్నా లేదు.

ఎడిసన్_గాలం:
శీనన్నా, మీరు దీనికి ఒప్పుకుంటారా లేదా చెప్పండి. పెట్టెలు 3 చాలా, 4 కావాలా అని రేపు సాయంత్రంలోపు కెప్టెన్‌కి ఫోన్ చెయ్యాలి.