స్కిజోఫ్రీనియా అంటే డోపమైన్ ఎక్కువవడమేనా?

మడివాల మధు: మా తమ్ముడికి స్కిజోఫ్రీనియా. ఇక్కడే బెంగళూరులో చూపిస్తున్నాం. "మెదడు కణాల మధ్య కబుర్లు మోసే డోపమైన్ అనే రసాయనం ఎక్కువైంది, మాత్రలు దాన్ని అదుపు చేస్తాయి" అన్నారు డాక్టరు గారు. చెవిలో మాటలు వినపడడం తగ్గింది. కానీ స్నానానికి కూడా లేవడు, ఎవరితోనూ మాట్లాడడు. అంతా డోపమైన్ వల్లే అయితే ఇవెందుకు తగ్గలేదు?

హెబ్బాళ రమణ: అంతా దానివల్లే కాదు కనక. 1952లో పారిస్‌లో క్లోర్‌ప్రోమజైన్ అనే మందును ఈ జబ్బుకు వాడినప్పుడు దానికీ డోపమైన్‌కీ లంకె ఉందని ఎవరికీ తెలియదు. ముందు మందు వచ్చింది, దానికి తగ్గ సిద్ధాంతం తర్వాత అల్లారు.

కల్యాణి (ఫార్మకాలజీ): రమణ గారూ, మీరు 1952 దగ్గరే ఆగిపోయారు. కణం మీద డోపమైన్ వచ్చి అతుక్కునే డీ2 రిసెప్టర్‌ని ఎంత గట్టిగా పట్టుకునే మందైతే అంత తక్కువ మోతాదు సరిపోతుందని 1970లలో తేలింది. తర్వాత ఒంట్లో రసాయనాల పనిని చూపే పెట్ స్కాన్‌లలో, స్ట్రయేటమ్ అనే మెదడు లోపలి భాగంలో డోపమైన్ తయారీ, విడుదల ఎక్కువగా కనిపించాయి. అదీ ఇంకా మందు మొదలుపెట్టని వాళ్లలో కూడా! మన సర్పగంధి మొక్క పిచ్చికి పనిచేస్తుందని సేన్, బోస్ అనే ఇద్దరు వైద్యులు 1931లోనే రాశారు. అందులోని రిసర్పిన్ డోపమైన్ నిల్వలను ఖాళీ చేస్తుందని తర్వాత తెలిసింది. ఇన్ని దారులు ఒకే చోటికి చేరుతుంటే అల్లిన కథంటే ఎలా?

మధు గారూ, మెదడంతా డోపమైన్ ఎక్కువని కాదు. నుదుటి వెనక భాగంలో తక్కువగా ఉందనడానికీ ఆధారాలున్నాయి. మీ తమ్ముడి నిరాసక్తత అటు వైపుది కావచ్చు. డీ2కి అడ్డుపడే మాత్ర ఆ లోటు తీర్చదు. పైగా డీ2 రిసెప్టర్లలో సుమారు 80 శాతానికి మించి మూసుకుపోతే ఒళ్లు బిగుసుకోవడం, మందకొడితనం మొదలవుతాయి. మోతాదు గురించి ఒకసారి అడగండి.

రమణ: మరి క్లోజపైన్? డీ2ని వదులుగానే పట్టుకుంటుంది, అయినా వేరే మందులు పనిచేయని వాళ్లకు అదే దిక్కు. 2024లో అమెరికా అనుమతించిన జానోమెలిన్-ట్రోస్పియమ్ అయితే డీ2 జోలికే పోదు.

కల్యాణి: ఆ కొత్తది మస్కారినిక్ అనే వేరే రకం రిసెప్టర్ల మీదుగా వెళ్లి స్ట్రయేటమ్‌లో డోపమైన్ విడుదలనే తగ్గిస్తుందని జంతువుల మీద ప్రయోగాలు చెబుతున్నాయి. క్లోజపైన్ మాట మాత్రం బలమైనదే. మామూలు మందులకు లొంగని కొందరిలో డోపమైన్ తయారీ మామూలుగానే ఉందని స్కాన్‌లు చూపాయి. నన్నడిగితే, ఒకే పేరు కింద రెండు మూడు జబ్బులున్నాయి.

మధు: మా అమ్మ అసలు మాత్రలే మానేద్దామంటోంది మేడమ్.

రమణ: వద్దు బ్రదర్. నా వాదన సిద్ధాంతంతోనే, మాత్రలతో కాదు. సొంతంగా ఆపితే తిరగబెడుతుంది. మోతాదు తగ్గించాలన్నా డాక్టరే చేయాలి.