ఈ వారం సమస్య: "తినని వాని బరువు తిరిగి పెరిగె"

నిర్వాహకురాలు (రాజోలు)

అందరికీ నమస్కారమండీ. ఈ వారం సమస్య ఆటవెలది పద్యానికి నాలుగో పాదం. ముందు మూడు పాదాలు మీరు పూరించి, ఇందులోని విరోధాన్ని విడదీయాలి:

*తినని వాని బరువు తిరిగి పెరిగె*

ఎందుకిచ్చానో చెబుతాను. ఉగాది వెళ్లాక రాత్రి అన్నం మానేసి, పొద్దున్నే కాలువ గట్టు మీద నడక మొదలుపెట్టాను. నాలుగు నెలల్లో 78 కిలోల నుంచి 71కి వచ్చాను. ఆ తర్వాత ఐదు వారాలుగా కాటా అక్కడే ఆగింది. ఒక రోజైతే 71.9 చూపించింది. ఆ పూట మంచినీళ్లు తాగడానికి కూడా మనసు రాలేదు. అదే వారం జాకెట్లు వదులయ్యాయని పట్టుకెళ్తే, మా టైలరమ్మ రెండు పక్కలా అరంగుళం చొప్పున లోపలికి కుట్టి ఇచ్చింది. కాటాది ఒక మాట, టేపుది ఒక మాట. దేన్ని నమ్మాలో తేల్చే పూరణలు రావాలని నా కోరిక.

నరసాపురం అక్కయ్య

ఉప్పు చేప కూర యూరించ మింగగ
నీరు నిలిచె నొంట నెమ్ము వోలె
కొవ్వు పెరుగలేదు కుమిలిపోవక చూడు
తినని వాని బరువు తిరిగి పెరిగె

మా ఇంట్లో జరిగిందేనండీ. మావారు రాత్రి అన్నం మాని పది రోజులైంది. ఆదివారం మధ్యాహ్నం వంకాయ, ఉప్పు చేప కలిపి వండాను. సోమవారం పొద్దున్న కిలో ఎక్కువ చూపించేసరికి ఆయన ముఖం చూడలేకపోయాను. ఉప్పు ఎక్కువైతే ఒళ్లు నీళ్లు పట్టి ఉంచుతుంది. వానాకాలం పెంకుటింటి గోడకి నెమ్ము ఎక్కితే గోడ లావెక్కినట్టు కాదు కదా. కిలో కొవ్వు చేరాలంటే ఒంటికి కావలసిన దానిమీద సుమారు 7,700 కేలరీలు ఎక్కువ తినాలి. ఒక్క కూరతో అది జరగదు.

మండపేట మాస్టారు

అమ్మా, "నెమ్ము వోలె" అన్న పోలిక డెల్టాలో గోడలు చూసినవాళ్లకే తడుతుంది. మొదటి పాదంలో ఉ–ఊ యతి (పాదం మొదటి అక్షరంతో మధ్యలో అక్షరం జత కలవడం) బాగా కుదిరింది. కానీ ఉప్పు చేప కూర మింగినవాడు "తినని వాడు" ఎలా అవుతాడు? విరోధం విడిపోలేదు, పక్కకి జరిగిందంతే. ఏది తినలేదో మూడో పాదం చివర చెప్పండి, సమస్య దానంతటదే విడుతుంది.

నరసాపురం అక్కయ్య

నిజమే మాస్టారూ. మూడో పాదం ఇలా మారుస్తున్నాను:

కొవ్వు కాదు, రాత్రి కూడు ముద్దైనను
తినని వాని బరువు తిరిగి పెరిగె

మండపేట మాస్టారు

ఇప్పుడు పద్యం నిలబడింది. మధ్యాహ్నం తిన్నాడు, రాత్రి మానాడు, రెండూ నిజమే. "ముద్దైనను" దగ్గర విరిచి చదివితే ఆ మనిషి కష్టం కూడా వినపడుతోంది.

పాలకొల్లు తమ్ముడు

కంచమందు తినడు, గరిటెతో రుచి చూచు
పూతరేకు తునక పుచ్చుకొనును
జీడిపప్పులు నాలుగు జేబులో దాచును
తినని వాని బరువు తిరిగి పెరిగె

మండపేట మాస్టారు

బాబూ, మూడో పాదంలో మూడో గణం తప్పింది. "లునా" అంటే లఘువు, గురువు (పొట్టి అక్షరం, పొడుగు అక్షరం). అది సూర్యగణం కాదు; సూర్యగణమంటే గురువు, లఘువు కానీ మూడు లఘువులు కానీ ఉండాలి. "జీడిపప్పు నాల్గు జేబులో దాచును" అంటే సరిపోతుంది. భావం బాగుంది.

నిర్వాహకురాలు (రాజోలు)

భావం విషయంలో నాకో మాట ఉందండీ. బరువు ఆగిపోయిన ప్రతివాళ్లనీ ఇంట్లోవాళ్లు "చాటుగా ఏదో తింటున్నావు" అని ముందే అంటారు. నేనూ ఆ మాట పడ్డాను, చాలా బాధగా ఉంటుంది. అయితే లెక్కకి రాని తిండి ఉంటుందన్నదీ అంతే నిజం. మొన్న పోపుకి చేతివాటంగా వంచే నూనెని చెంచాతో కొలిచి చూశాను. మూడు పెద్ద చెంచాలు వచ్చింది. చెంచాకి దాదాపు 120 కేలరీలు. నేను దాచి తిన్నది ఏమీ లేదు, కొలవలేదంతే. పద్యంలో ఆ తేడా కనపడితే బాగుంటుంది తమ్ముడూ.

పాలకొల్లు తమ్ముడు

అక్కా, ఆ పద్యంలో ఉన్నది నేనే. ఆత్రేయపురం పూతరేకులు అమ్మే కొట్లో పని చేస్తాను. కట్ట కట్టేటప్పుడు అంచు విరిగిన ముక్కలు పారెయ్యడానికి చెయ్యి రాదు. రేకు నోట్లో వెయ్యగానే కరిగిపోతుంది, తిన్నట్టే ఉండదు. 2023లో ఆ పూతరేకులకి భౌగోళిక గుర్తింపు వచ్చినప్పటి నుంచి పని ఇంకా ఎక్కువైంది. నాలుగు రోజులుగా విరిగిన ముక్కలు ఒక గిన్నెలో వేసి సాయంత్రం తూకం వేస్తున్నాను. "జేబులో దాచును" బదులు ఏం రాయాలో ఆలోచిస్తాను.

మండపేట మాస్టారు

నా పూరణ:

మేను చిన్నదైన మితముగా నగు ఖర్చు
నాటి కొలత నేడు నడువ దింక
లెక్క మార్చుకొనక లేమి పాటించుచు
తినని వాని బరువు తిరిగి పెరిగె

78 కిలోల ఒంటిని మోయడానికి పట్టినంత తిండి 71 కిలోల ఒంటికి అక్కర్లేదు. అందుకే మొదట్లో తగ్గించిన తిండే కొన్నాళ్లకి సరిగ్గా సరిపోయే తిండి అయిపోతుంది. మొదటి వారాల్లో జోరుగా తగ్గేదాంట్లో నీళ్ల వాటా ఎక్కువ. కండల్లో, కాలేయంలో ఒళ్లు దాచుకున్న చక్కెర నిల్వ, అంటే గ్లైకోజెన్‌ గ్రాముకి సుమారు మూడు గ్రాముల నీటిని పట్టుకుని ఉంటుంది. అది ఖర్చయితే ఆ నీరూ పోతుంది. ఆ జోరు ఎప్పుడూ ఉండాలనుకుంటేనే టెన్షన్.

1944–45లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది యువకులకి 24 వారాలు అరతిండి పెట్టి పరీక్షించారు. బరువు మొదట గబగబా తగ్గి, పోనుపోను తగ్గడం నెమ్మదించింది. ఒంటి ఖర్చు పడిపోయింది, కాళ్లకి నీరు పట్టింది, మనసంతా తిండి మీదే ఉండేది. ఆగింది కదా అని ఇంకా మాడ్చుకోకూడదని నేను గట్టిగా చెప్పేది అందుకే.

నరసాపురం అక్కయ్య

మాస్టారూ, చనువు తీసుకుని అడుగుతున్నాను. మీ పద్యం బరువు ఎందుకు ఆగిందో చెప్పింది. "పెరిగె" అన్నదానికి కారణం ఏదండీ?

మండపేట మాస్టారు

మంచి ప్రశ్న తల్లీ. మాడ్చుకున్నవాడు ఏదో ఒక రోజు ఆగలేక ఆబగా తింటాడని, అది "లేమి"లో ఉందని నేననుకున్నాను. పద్యంలో లేదు. ఒప్పుకుంటున్నాను. రెండో పాదం మాత్రం మార్చను.

అమలాపురం పిన్ని

సంకురాత్రి నాడు చక్కిలా లరిసెలు
పళ్లెమందు నుండ బట్ట డతడు
కొడుకు వంక చూచి కుందు తల్లికి నెద
తినని వాని బరువు తిరిగి పెరిగె

నిర్వాహకురాలు (రాజోలు)

పిన్నిగారూ, ఈ పూరణలో బరువు కొడుకుది కాదు, తల్లి గుండెది. "ఎద" అన్న ఒక్క మాటతో సమస్య విడిపోయింది, విరిచినట్టే తెలియలేదు. మన వైపు వద్దన్న కొద్దీ వడ్డిస్తారు. కంచం వెనక్కి నెడితే పెట్టినవాళ్ల ముఖం చిన్నబోతుంది. ఆ రోజు తినకపోతే వాళ్లకి బాధ, తింటే మర్నాడు కాటా మీద మనకి బాధ. ఈ వారానికి నాకు నచ్చిన పూరణ ఇదే.

కాటా, టేపుల సంగతికొస్తే, రోజూ పొద్దున్నే ఒకే వేళకి తూచి, వారానికి సగటు చూసుకుంటున్నాను. నడుం కొలత పదిహేను రోజులకోసారి. వాపులు, విపరీతమైన నీరసం ఉన్నవాళ్లు, షుగరు మందు వాడేవాళ్లు మాత్రం డాక్టరుకి చూపించుకోకుండా తిండి ఇంకా తగ్గించవద్దండీ. థైరాయిడ్ సంగతి కూడా పరీక్షలోనే తేలాలి.

అమలాపురం పిన్ని

అమ్మాయ్, పద్యంలోకి ఎక్కనిది ఒకటుంది. పోయిన సంక్రాంతికి వాడు అరిసె ఒకటి తుంచి, సగం నా చేతిలో పెట్టి సగం తిన్నాడు. మర్నాడు కాటా ఎక్కలేదు. శనివారం దాకా ఆగాడు.