క్రూజ్‌లో తాగనివాళ్ళకి కూడా డ్రింక్స్ ప్యాకేజీ కొనాల్సిందేనా?

నవంబర్ రెండో వారంలో టెక్సస్‌లోని గాల్వెస్టన్ నుంచి 7 రాత్రుల క్రూజ్ బుక్ చేశాం. నేను, మా ఆవిడ ఒక గది; మా తోడల్లుడు, మరదలు పక్క గది. తాగేది మేమిద్దరం మగవాళ్ళమే, అక్కచెల్లెళ్ళిద్దరూ ముట్టుకోరు.

డ్రింక్స్ ప్యాకేజీ (ఓడలో తాగే మందుకి రోజు లెక్కన ముందే డబ్బు కట్టేయడం) రోజుకి 70 డాలర్లు, పైన 18 శాతం టిప్. అంటే మనిషికి 578 డాలర్ల చిల్లర. సరే అనుకుని నా పేరు పక్కన టిక్ పెడితే, మా ఆవిడ పేరు పక్కన కూడా దానంతటదే టిక్ పడుతోంది, తీస్తే రెండూ పోతున్నాయి. ఒకే గదిలో పెద్దవాళ్ళందరూ కొనాలట. నలుగురికీ కలిపి 2,300 దాటుతోంది, ఇది కాక రోజూ మనిషికి 18 డాలర్ల సిబ్బంది టిప్ వేరే. తాగని మనిషి దగ్గర ఇంత వసూలు చేయడం నాకు చాలా అన్యాయంగా అనిపిస్తోంది.

వేరే బ్రౌజర్‌లో, యాప్‌లో చూశాను, అదే తంతు. రెండుసార్లు ఫోన్ చేశాను: ఒకరు కుదరదన్నారు, ఇంకొకరు ఓడ ఎక్కాక అడగండి, మీ ఆవిడకి సోడా (కూల్ డ్రింక్స్) ప్యాకేజీ ఇవ్వొచ్చు అన్నారు కానీ ఈమెయిల్‌లో రాసివ్వమంటే ఇవ్వలేదు. మగవాళ్ళం ఒక గదికి, ఆడవాళ్ళు ఒక గదికి పేర్లు మార్చమంటే, మొత్తం డబ్బు కట్టేశారు కాబట్టి ఈరోజు రేటుకి మళ్ళీ బుక్ చేయాలన్నారు, 380 డాలర్లు ఎక్కువ.

ఓడ ఎక్కిన మొదటి రోజు గెస్ట్ సర్వీసెస్ దగ్గర అడిగి, గదిలో ఒక్కరికే ఆల్కహాల్ ప్యాకేజీ ఇప్పించుకున్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా?